పిల్ల కంపెనీ

నూకమ్మకి రోత ఎక్కువని సిద్ధగోరా బస్తీలో తెలుగువాళ్ళంతా నవ్వుకునేవారు. పెళ్ళివిందులో వడ్డించేవాడు మొహం తుడుచుకున్న చేత్తో బూరెలు తీస్తే ఆకు మడిచి లేచిపోయేది. కుళాయి దగ్గర ఎవరైనా ఖాండ్రించి ఉమ్మితే తోమిన బిందెనే మళ్ళీ మొదటినుంచీ తోముకునేది. అలాంటి మనిషి రోజంతా సిమెంటు దుమ్ములో బతకడం ఒక వింత. పలాస దగ్గరి ఊరినుంచి ఆదిబాబుని కట్టుకుని టాటానగర్ వచ్చిన కొత్తలోనే ఆమె రేజా పనిలో చేరింది. రేజా అంటే కట్టుబడి జరిగేచోట ఇటుకలూ గారా నెత్తిన మోసే ఆడకూలీ. సాయంత్రం ఇంటికొచ్చి పీచుతో ఒళ్ళంతా రుద్దుకున్నాకగాని పొయ్యి అంటించేది కాదు.

ఆదిబాబు ఖలాసీ. ఎత్తున నిలబడి ఇనుప దూలాలని తాళ్ళతో పైకి లాగి, ఒకదానికొకటి బిగించే పని అతనిది. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. తాటిచెట్టుకి రెట్టింపు ఎత్తున కూర్చుని బీడీ ముట్టించుకోగలడు గాని, సందు చివర కుక్క పడుకుని ఉంటే చుట్టుతిరుగుడు దారిలో ఇల్లు చేరేవాడు. ఆదివారం పెళ్ళాన్నీ కూతురు పద్మకుమారినీ బిష్టుపూర్ బజారుకి తీసుకెళ్తే దుకాణాలు చూసేవాడు కాదు, పైకప్పులు చూసేవాడు. "ఆ షెడ్డు మాదే," అనేవాడు. అంతకుమించి గొప్పలు చెప్పుకోవడం అతనికి తెలియదు.

అతను పనిచేసేది దల్మా ఇరెక్టర్స్ అనే కంపెనీలో. ఆఫీసు బిష్టుపూర్‌లో, సామాన్ల యార్డు సిద్ధగోరాలో. పని ఉన్నన్నాళ్ళు కూలి, లేకపోతే ఇల్లు. ఎనభై ఒకటిలో ఆ కంపెనీకి మస్కట్ అవతల ఒక రేవు పక్కన పెద్ద ఫ్యాక్టరీ షెడ్డు కట్టే కాంట్రాక్టు దొరికింది. ఖలాసీలు కావాలన్నారు. యార్డులోనే పరీక్ష పెట్టారు. దల్మా ఫోర్‌మన్ స్తంభం మీదికి ఎక్కించి చూశాడు, దల్మా డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూశాడు, దల్మా లారీ స్టేషన్‌కి మోసుకెళ్ళింది. వెల్ఫేర్ ఆఫీసరు సీతారామరావు ఒక్కొక్కరి మెడలో బంతిపూల దండ వేసి, ఏనుగు బొమ్మ ఉన్న పసుప్పచ్చ హెల్మెట్ పెట్టించి ఫోటోలు తీయించాడు. ఆయనది విజయనగరం. ఏ మాటకైనా ముందు 'మన' తగిలించేవాడు. మన కుర్రాళ్ళు, మన కంపెనీ, మన అదృష్టం.

టాటానగర్ స్టేషన్‌లో బండి కదిలేముందు నూకమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది.

"ఆ ఊర్లో నీళ్ళు ఎలాగుంతాయో ఏటో. కాసుకుని తాగు."

"నీళ్ళ గోల నీది. వచ్చినాక ఇంట్లోకే కుళాయి ఏయిత్తాను, సరేనా?" అన్నాడు ఆదిబాబు.

ఆ మాటకి ఆమె సిగ్గుపడింది. వరహాలమ్మ వింటోందేమోనని చుట్టూ చూసింది కూడా. వరహాలమ్మ పక్కింటావిడ, ఆమె కూడా రేజాయే.

రెండో ఏడు వానలు పడుతుండగా కంపెనీ జీపు సందు మొదట్లో ఆగింది. సీతారామరావు బురద తొక్కుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి, నులకమంచం మీద కూర్చున్నాడు. "అమ్మా, మన ఆదిబాబు మనల్ని వదిలి వెళ్ళిపోయాడు," అన్నాడు. పైనుంచి జారిపడ్డాడట. బాధ తెలియకుండా పోయాడట. శవాన్ని విమానంలో కలకత్తా తెప్పించి, అక్కడినుంచి లారీలో ఇంటికి చేరుస్తారట. అంతా కంపెనీయే చూసుకుంటుందట.

చూసుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని బస్తీ అంతా పనులు మానుకుని కూర్చుంది. ఎందుకంత ఆలస్యమని ఆదిబాబు తమ్ముడు చినబాబు ఆఫీసుకెళ్ళి అడిగితే కాగితాలు అన్నారు. చివరికి పెట్టె వచ్చింది. దానితోపాటు ఆదిబాబు రేకు ట్రంకూ వచ్చింది. పెట్టె తెరవొద్దని లారీతో వచ్చిన మనిషి అంటే నూకమ్మ వినలేదు. చినబాబు చేత మేకులు ఊడదీయించింది. చూసింది. చూసిందేమిటో ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు.

ఆడవాళ్ళు ఏడుస్తుండగా సీతారామరావు ట్రంకు తెరిపించాడు. రెండు చొక్కాలు, తువ్వాలు, దువ్వెన, పద్మకుమారికి కొన్న గౌను. వీటన్నిటి మీదా పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఒక బెల్టు ఉంది. వెడల్పాటి పట్టీ, ఇనప కొక్కెం, మెలిపెట్టిన కొత్త తాడు. సీతారామరావు దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు.

"చూడండి నాయనా. కంపెనీ ఇచ్చిన సేఫ్టీ బెల్టు ఇది. ఇది కట్టుకుని ఉంటే ఇవాళ మన మధ్య ఉండేవాడు. దాచుకున్నాడు పాపం. మనవాళ్ళకి ఈ నిర్లక్ష్యం ఎప్పుడు పోతుందో!"

శవం ఇంకా గుమ్మంలోనే ఉంది. నూకమ్మ ఏడుపు ఆగిపోయింది. లేచి వచ్చి ఆ బెల్టు ఆయన చేతిలోంచి తీసుకుంది. సంచి విప్పి వాసన చూసింది. కొత్త రబ్బరు కంపు గుప్పుమంది. మొగుడి బట్టలు ఏళ్ళ తరబడి ఉతికిన మనిషి ఆమె. చెమటా బీడీ పొగా తుప్పూ కలిసిన ఆ వాసన చొక్కాల్లో ఉంది, తువ్వాలులో ఉంది. బెల్టులో లేదు.

"ఇది మావోడిది కాదు బాబూ," అంది.

"దుఃఖంలో ఉన్నావమ్మా. తర్వాత మాట్లాడుకుందాం," అని సీతారామరావు గొడుగు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ బెల్టు కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

సువర్ణరేఖ ఒడ్డున దహనం అయిపోయింది. నూకమ్మ మళ్ళీ పనిలోకి వెళ్ళింది. కొన్నాళ్ళకి మస్కట్ నుంచి కొందరు తిరిగొచ్చారు. వాళ్ళలో దేముడు ఒకడు. ఆదిబాబుకి కుడిభుజంలాంటివాడు, ఇద్దరూ ఒకే దూలం మీద పనిచేసేవారు. అలాంటివాడు ఊళ్ళో దిగి కూడా ఆమె గుమ్మం తొక్కలేదు. బజార్లో ఎదురైతే సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. కంపెనీ యార్డులో అతన్ని ఫోర్‌మన్ చేసిందని విన్నప్పుడు నూకమ్మకి అనుమానం గట్టిపడింది. తిన్నగా అతని ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది.

"మీ అన్న ఎలాగ సచ్చిపోనాడో సెప్పు. నేనేడవను. సెప్పు."

దేముడు గడప గీరుతూ చెప్పాడు. అక్కడి మంత్రి ఎవరో చూడటానికి వస్తాడని పని పరుగులు పెట్టించారు. కాళ్ళకింద వేసిన పలకలు కట్టకుండా వదిలేశారు. కింద వల లేదు. బెల్టులు అడిగితే ఓడలో వస్తున్నాయనేవారు. ఆదిబాబు తన తాడే నడుముకి కట్టుకోబోతే ఇంజనీరు కిందనుంచి బూతులు తిట్టాడు. కట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంటే పని ఎప్పుడవుతుందని అరిచాడు. ఆదిబాబు తాడు వదిలేసి అడుగేశాడు. పలక తిరగబడింది.

"మరి బెల్టులెప్పుడొచ్చినాయిరా?"

"అన్న పోనాక. లారీతో తెచ్చినారు. అందరికీ పంచి, ముందే ఇచ్చినట్టు సంతకాలెట్టించుకున్నారు ఒదినా."

"నువ్వెట్టినావేటి?"

"ఎట్టకపోతే పాస్‌పోర్టు ఇవ్వం అన్నారు. ఇక్కడ పిల్లలు..."

నూకమ్మకి అప్పుడు తట్టింది, శవం ఇంటికి చేరడానికి అన్ని రోజులు ఎందుకు పట్టిందో. కాగితాల కోసం కాదు. బెల్టుల లారీ కోసం. అది రాకుండా ట్రంకు కట్టడానికి లేదు, ట్రంకు కట్టకుండా మనిషిని పంపడానికి లేదు. చచ్చినవాణ్ణి మంచుగదిలో కూర్చోబెట్టి, వాడి మీద వెయ్యడానికి నేరం తెప్పించారు. దేముడి ఇంటి వెనక కాలవ దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకుంది. దేముడి పెళ్ళాం నీళ్ళు తెచ్చిస్తే పుక్కిలించి వచ్చేసింది.

మర్నాడు పని మానుకుని బిష్టుపూర్ ఆఫీసుకి వెళ్ళింది. సీతారామరావు ఎదురొచ్చి కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు, పక్కన రెండు బిస్కట్లు. గది మధ్యలో గాజుపెట్టె ఒకటి ఉంది. దానిలో మస్కట్ షెడ్డు బొమ్మ. చిన్న చిన్న దూలాలు, చీమలంతేసి ప్లాస్టిక్ మనుషులు, తలమీద పసుప్పచ్చ చుక్కలు. ప్యూను గుడ్డతో గాజు తుడుస్తున్నాడు.

"మావోడు పడ్డది దీన్నుంచేనా?" అనడిగింది నూకమ్మ.

సీతారామరావు అటు చూడకుండా గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, నీ బాధ నాకు తెలుసు. కాని నువ్వు రావలసిన చోటు ఇది కాదు. అక్కడ పని చేయించింది దల్మా ఓవర్సీస్. అది వేరే కంపెనీ. ఆ దేశంలోనే రిజిస్టరైంది. చట్టప్రకారం మాకూ దానికీ సంబంధం లేదు. మాది తల్లి కంపెనీ, అది పిల్ల కంపెనీ. అర్థమైందా?"

"తల్లీ పిల్లా అంతన్నారు, సంబంధం నేదంతన్నారు. అదేటి బాబూ?"

"చట్టం అలాగే ఉంటుందమ్మా."

"మా బస్తీలో గుంటడు రాయిసిరి ఎవుడి తలో పగలగొడితే జనం తల్లి కాడికే ఎల్తారు. ఆ గుంటడు వేరే, నేను వేరే అని ఏ తల్లీ అనదు. మావోడిని పరీచ్చ సేసింది మీ యార్డులో. దండేసింది మీరు. టోపీ మీద ఏనుగు మీది. ఆ షెడ్డు కట్టింది వేరే కంపెనీ అయితే, ఈ బొమ్మని మీ గదిలో ఏల ఎట్టుకున్నారు?"

ప్యూను తుడవడం ఆపాడు. సీతారామరావు అతని వైపు కోపంగా చూసి, మళ్ళీ నవ్వు తెచ్చుకున్నాడు. సేఫ్టీ వారోత్సవం వస్తోందనీ, వేదిక మీద పెద్దల చేతుల మీదుగా ఆమెకి కుట్టుమిషను ఇప్పిస్తాననీ, ఫోటో పేపర్లో వస్తుందనీ చెప్పాడు. సోనారిలో కంపెనీ గెస్ట్‌హౌస్ ఉందనీ, అక్కడ ఆయా పనికి తన మాట చాలుననీ గొంతు తగ్గించి చెప్పాడు. "నా చెల్లెలి లాంటిదానివి. ఆ బెల్టు మాత్రం తెచ్చి ఇచ్చెయ్యి. అది కంపెనీ ఆస్తి."

టీ మీద మీగడ కట్టింది. ఆమెకి ఆ గదిలో ఏదీ ముట్టుకోబుద్ధి కాలేదు. కూర్చున్న కుర్చీ చేతులమీంచి కూడా చేతులు తీసేసింది. లేచి బయటికి వచ్చి, రోడ్డు దాటి, కుళాయి కనబడితే మోచేతుల దాకా కడుక్కుంది.

బస్తీలో ఒక వకీలు ఆమె తరఫున లేబర్ కోర్టులో కేసు వేశాడు. అది సాగుతుండగానే దల్మావాళ్ళు మస్కట్‌కి మళ్ళీ మనుషుల్ని తీస్తున్నారని తెలిసింది. అదే యార్డు, అదే పరీక్ష, అవే బంతిపూలు. ఆ పొద్దున నూకమ్మ ప్లాస్టిక్ సంచితో సహా బెల్టు పట్టుకుని యార్డు గేటు ముందు నిలబడింది. వరహాలమ్మ తోడు వచ్చింది. వచ్చినవాణ్ణల్లా నూకమ్మ ఆపేది.

"ఇదిగో, ముట్టుకుని సూడు బాబూ. కొత్తది. మా ఇంటాయన సచ్చిపోనాక ఆయనకిచ్చిన బెల్టు. నీకూ ఇత్తారు."

కొందరు తల తిప్పుకుని లోపలికి వెళ్ళారు. ఒకడు "శుభమా అని పోతుంటే ఏటీ అపశకునం" అని తిట్టాడు. కొందరు మాత్రం ఆగారు. కాపలావాడు కర్రతో వచ్చి "హటో మాయీ, గేట్ ఛోడో" అని గదమాయిస్తే, వరహాలమ్మ అతనికి అడ్డంగా నిలబడి హిందీలోనే నాలుగు అంటించింది. గలభా విని సీతారామరావు బయటికి వచ్చాడు. ఆయన వెనకాల ఫోర్‌మన్ టోపీలో దేముడు.

"ఈవిడకి దుఃఖంతో మతి చలించింది," అన్నాడు సీతారామరావు గుమిగూడినవాళ్ళతో. "కావాలంటే మన దేముణ్ణి అడగండి. పక్కనే ఉన్నాడు. బెల్టులు ముందే ఇచ్చారా లేదా దేముడూ?"

దేముడు టోపీ సర్దుకున్నాడు. నూకమ్మ అతన్ని బతిమాలలేదు, తిట్టలేదు. "సెప్పరా. నీ ఎనకాల ఎక్కబోయేటోళ్ళు ఈళ్ళే," అంది.

చాలామంది మొహాలు అతని వైపే తిరిగి ఉన్నాయి. అందులో చినబాబు కూడా ఉన్నాడు. అన్న పోయిన ఏడాది తిరక్కుండా అతనూ పరీక్షకి వచ్చాడు. అప్పటిదాకా వదిన కంట పడకుండా గుంపులో నక్కి ఉన్నాడు.

"ఇవ్వనేదు," అన్నాడు దేముడు. మొదట గొణిగాడు, తర్వాత గట్టిగా అన్నాడు. "బెల్టుల్లేవు, వల నేదు, పలకలు కట్టనేదు. అన్న తాడు కట్టుకుంతే తిట్టి ఇప్పించినారు. నేను అబద్ధం సంతకం ఎట్టినాను." టోపీ తీసి సీతారామరావు చేతిలో పెట్టాడు.

ఆ రోజు ఎవరూ స్తంభం ఎక్కలేదు. అక్కడే నేలమీద కూర్చున్నారు. మస్కట్‌లో ఏం జరిగినా ఇక్కడి దల్మావాళ్ళదే పూచీ అని రాసిస్తేనే పరీక్షకి వస్తామన్నారు. సీతారామరావు పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. బంతిపూల దండలు గేటు పక్కన బుట్టలోనే వాడిపోయాయి.

పైవాళ్ళ జవాబు వేరేగా వచ్చింది. పరీక్షని రూర్కెలాకి మార్చేశారు. అక్కడ ఎవరికీ నూకమ్మ తెలియదు. ఇక్కడ నేలమీద కూర్చున్నవాళ్ళలో కూడా కొందరు రైలెక్కి అక్కడికే వెళ్ళారు. చినబాబు వెళ్ళాడు. వెళ్ళేముందు వదిన గుమ్మంలోకి వచ్చి, "ఇక్కడ పని నేదొదినా, ఏటి సెయ్యమంతావు?" అన్నాడు. నూకమ్మ తలుపు వెయ్యలేదు, పలకనూ లేదు. దేముడి ఉద్యోగం పోయింది. అతను టాటానగర్ స్టేషన్ దగ్గర రిక్షా తొక్కాడు.

కోర్టులో జడ్జీ పెద్ద తీర్పేమీ చెప్పలేదు. ఆ కంపెనీ ఈ దేశంది కాదు గనుక ఈ కోర్టు దాన్ని విచారించలేదన్నాడు. "నీ కేసు తప్పని అనలేదమ్మా, చోటు తప్పన్నాడు," అని వకీలు సర్దిచెప్పాడు. మస్కట్ వెళ్ళి అడగొచ్చునట. ఆ మాట అంటూ అతను కూడా నవ్వాపుకోలేకపోయాడు. అదే వారం బిష్టుపూర్‌లో దల్మావాళ్ళకి విదేశాల్లో దేశం పేరు నిలబెట్టినందుకు సన్మానం జరిగింది. ఊరంతా బ్యానర్లు. నూకమ్మ ఇటుకల తట్టతో వాటి కిందనుంచి పనికి నడిచి వెళ్ళేది. బెల్టు కోసం మళ్ళీ ఎవరూ రాలేదు. కోర్టు అక్కర్లేదన్నాక వాళ్ళకీ అక్కర్లేకపోయింది. దాన్ని ఆమె దేముడికి ఇచ్చేసింది, రిక్షాకి సామాన్లు కట్టుకోవడానికి పనికొస్తుందని.

ఎనభై ఆరులో చినబాబు తిరిగొచ్చాడు. ఎండకి మాడి నల్లబడ్డాడు గాని కాళ్ళూ చేతులూ సవ్యంగా ఉన్నాయి. తిన్నగా వదిన ఇంటికే వచ్చాడు. పద్మకుమారికి రేడియో తెచ్చాడు. నూకమ్మ అతన్ని ఎగాదిగా చూసి, "కూకో" అంది. అతను మస్కట్ వెళ్ళాక ఆమె అతనితో అన్న మొదటి మాట అదే.

"అక్కడ ఎక్కినావేటి?" అని అడిగింది కాసేపటికి.

"ఎక్కినానొదినా. కింద వలుంది."

"కంపెనీ కట్టిందా?"

చినబాబు ఎగతాళిగా నవ్వాడు. "కంపెనీయా! అన్న సంగతి మాకందరికీ తెలుసు కదా. వల నేకపోతే మేం ఎక్కం అని ఇక్కడినుంచి ఎల్లినోళ్ళం కూకుండిపోనాం. రూర్కెలావోళ్ళు కూడా మాతో కూకున్నారు. ఓడలో వత్తంది అన్నారు. మాలో బారువా వైపు బెస్తోళ్ళున్నారు. సంద్రం ఒడ్డున పుట్టినోళ్ళకి వల అల్లడం రాదేటి? రేవులో ఓడలోళ్ళు పారేసిన తాళ్ళు ఏరుకొచ్చి, పనయ్యాక కూకుని అల్లినాం. వారాల తరబడి అల్లినాం. ఒక బెంగాలీ గుంటడు దాన్లోనే పడ్డాడు. బతికినాడు."

నూకమ్మ కళ్ళు మూసుకుంది. అన్నేళ్ళలో మొదటిసారి ఆమె గుండెల్లోంచి ఊపిరి సాఫీగా బయటికి వచ్చింది.

"ఇదిగో, ఈ ఏడు కాలెండరు," అని చినబాబు సంచిలోంచి చుట్ట తీసి విప్పాడు. దల్మా ఏనుగు పైన, కింద నిగనిగలాడే రంగుల బొమ్మ. ఎత్తయిన దూలాల కింద ఆ చివరినుంచి ఈ చివరికి పరిచిన వల. బొమ్మ కింద పెద్ద అక్షరాలు.

"ఏటి రాసినారే?" అంది నూకమ్మ కూతురితో.

"'సురక్షా హమారా ధరమ్' లిఖా హై, అమ్మా," అంది పద్మకుమారి.

భద్రతే మా ధర్మం! నూకమ్మ మొహం వికారంగా మారింది. ఆ మెరుస్తున్న కాగితాన్ని గోటితో కూడా తాకలేదు. దూరం నుంచే వంగి, బొమ్మని ఒక కొసనుంచి రెండో కొసదాకా వెతికింది.

"అల్లినోళ్ళు కనబడరేటిరా ఇందులో? ఒక్కడైనా నేడు."

"పోటో తీసినప్పుడు పక్కకి జరగమన్నారొదినా."

"మీరు జరిగినారా?"

చినబాబు కాలెండరు మళ్ళీ చుట్ట చుట్టేశాడు.

"ఇంకోపాలి జరగమంతే జరక్కండిరా," అంది నూకమ్మ, కంచం అతని ముందు పెడుతూ.